హైదరాబాదు రూపాయి నోటు

హైదరాబాదు నగరము నుండి తూర్పు దెసగా సాగు విజయవాడ రాజమార్గము మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలిని చేరును. 2018వ సంవత్సరము సెప్టెంబరు నుండి ఈ మార్గముపై మెట్రో రైలు కూడ నడచుచున్నది. దారికి ఇరువైపుల బట్టల దుకాణములు, పుస్తకముల అంగళ్లు, పండ్ల బండ్లు, బ్యాంకు శాఖలు వరుసగా కానవచ్చును. ఉదయము మొదలు రాత్రి వరకు ఇచ్చట ధనము చేతులు మారుచునే యుండును. అందు కొంత కాగితపు నోట్ల రూపమునను, కొంత ఫోనుపై కనబడు అంకెల రూపమునను మారుచుండును. ఇచ్చువాడు గాని పుచ్చుకొనువాడు గాని ఆ నోటునకు ఆ విలువ ఎట్లు వచ్చినదని ఆగి ఆలోచింపడు.

కాని 1940వ సంవత్సరమునకు పూర్వము ఈ దారినే సూర్యాపేట మీదుగా బెజవాడకు పోవు ప్రయాణికునకు ఆ ఆలోచన తప్పకుండెను. నేటి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతములలో ఆనాడు ఎక్కువ భాగము పొలములే. ఆ పొలముల నడుమ సాగిపోవు బాటసారి జేబులో నుండునది నిజాము ప్రభుత్వపు రూపాయి. సరిహద్దు దాటిన పిదప అది చెల్లదు. పైగా ఆ సరిహద్దు ఒక్కటి కాదు. నల్లగొండ జిల్లా నడుమ నున్న మునగాల పరగణా ఆంగ్లేయుల పాలనలోని కృష్ణా జిల్లాకు చెందియుండెను. అందుచే ప్రయాణికుడు నిజాము సీమ నుండి ఆంగ్లేయ సీమకును, అచట నుండి మరల నిజాము సీమకును, తుదకు తిరిగి ఆంగ్లేయ సీమకును మారవలసి వచ్చెను. నిజాము రూపాయిని జనులు హాలీ రూపాయి యనియు, ఆంగ్లేయ ప్రభుత్వపు రూపాయిని కల్దారు రూపాయి యనియు పిలిచెడివారు. ఏడు హాలీ రూపాయల నిచ్చినచో ఆరు కల్దారు రూపాయలు వచ్చెడివి.

ఒకే దేశమున, ఒకే భాష మాటలాడు జనుల నడుమ రెండు రూపాయలు ఏల యుండెను? వెండి నాణెము పోయి కాగితపు నోటు ఎట్లు వచ్చెను? ఆ నోటును ముద్రించిన రాజ్యము లేకుండ పోయినప్పుడు దానిని దాచుకొన్న పేదవాని గతి ఏమయ్యెను? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము హైదరాబాదు రూపాయి చరిత్రలో దొరకును.

అసఫ్ జాహీ ప్రభువులు మొదట తమ పేర నాణెములు వేయలేదు. ఢిల్లీలో మొగలు చక్రవర్తి అధికారము నామమాత్రమై పోయిన పిదప కూడ వారి నాణెములపై ఆ చక్రవర్తి పేరే యుండెను. 1857వ సంవత్సరపు తిరుగుబాటు తరువాత ఆ చక్రవర్తి పదవి అంతరించెను. అప్పుడు హైదరాబాదు నాణెముపై అసఫ్ జాహీ పేరు వెలసెను. దానికి హాలీ సిక్కా యని పేరు వచ్చెను. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది యని అర్థము. ఆరవ నిజామైన మహబూబ్ అలీఖాను కాలమున, 1903వ సంవత్సరమున, సైఫాబాదులో యంత్రములతో నడచు క్రొత్త టంకశాల ఏర్పడెను. చార్మినారు బొమ్మ గల వెండి రూపాయలు ప్రజల చేతికి వచ్చెను.

ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానమను లెక్క ఎవరో తోచినట్లు పెట్టినది కాదు. చార్మినారు రూపాయి తూకము సుమారు 11.18 గ్రాములు. అందు నూటికి 81.8 పాళ్లు వెండి. 1940వ సంవత్సరమునకు పూర్వపు ఆంగ్లేయ రూపాయి తూకము సుమారు 11.66 గ్రాములు. అందు నూటికి 91.7 పాళ్లు వెండి. అనగా మొదటి దానిలో సుమారు 9.14 గ్రాముల వెండియు, రెండవ దానిలో సుమారు 10.69 గ్రాముల వెండియు ఉండెను. మొదటి దానిని ఏడుతోను, రెండవ దానిని ఆరుతోను గుణించి చూడుడు. రెండు ప్రక్కలను ఇంచుమించు 64 గ్రాముల వెండియే తేలును. ప్రభుత్వపు లెక్కలలో నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ యని వ్రాసెడివారు. ఆనాడు రూపాయికి పదునారు అణాలు, అణాకు పన్నెండు పైలు. ఆ లెక్కయు ఏడింట ఆరను నిష్పత్తియే.

నాణెము విలువ దానిలోని లోహములోనే యున్నది. కనుక దానిని నమ్ముట సులభము. కాని మోయుట కష్టము. వేయి హాలీ రూపాయల తూకము పదునొకండు కిలోగ్రాములకు పైబడును. పెద్ద వర్తకము చేయువాడు అంత వెండిని బండ్లపై మోయించుచు, దొంగల భయముతో దారులు నడువజాలడు. అందుచే కార్వానులోను, బేగంబజారులోను ఉన్న సాహుకారులు హుండీల నిచ్చెడివారు. ఒక ఊరిలో సొమ్ము కట్టి హుండీ తీసికొన్న వర్తకుడు వేరొక ఊరిలో దానిని చూపి సొమ్ము పుచ్చుకొనెడివాడు. హుండీ కాగితమే, కాని దాని వెనుక సాహుకారు మాట యున్నది.

ప్రపంచమున కాగితపు ధనము పుట్టినదియు ఇట్లే. చీనా దేశపు సెచువాన్ సీమలో బరువైన ఇనుప నాణెములు చెలామణిలో నుండెను. వాని మోత భరింపలేక వర్తకులు తమలో తాము రసీదులను మార్చుకొనసాగిరి. 1024వ సంవత్సర ప్రాంతమున అచటి ప్రభుత్వమే అట్టి పత్రములను జారీ చేయ మొదలిడెను. ఐరోపాలో మొదటి బ్యాంకు నోట్లు 1661వ సంవత్సరమున స్వీడను దేశపు స్టాక్‌హోము నగరమున వెలువడెను. వానిని జారీ చేసిన పామ్‌స్ట్రూక్ అను నతడు తన పెట్టెలోని నాణెముల కంటె మిక్కుటముగా నోట్లను ముద్రించెను. జనులు నోట్లు తెచ్చి నాణెములు అడిగినప్పుడు ఇయ్యజాలక పోయెను. కొలది సంవత్సరములలోనే ఆ బ్యాంకు మూతపడెను. కాగితముపై అంకె వ్రాయుట తేలిక. ఆ అంకెను చెల్లించుట కష్టమని ఈ కథ తెలుపుచున్నది.

మన దేశమున 1770వ సంవత్సరమున కలకత్తాలో స్థాపింపబడిన హిందూస్థాన్ బ్యాంకు మొదట నోట్లను జారీ చేసెను. తరువాత బెంగాలు, బొంబాయి, మద్రాసు బ్యాంకులు ఆ పని చేసెను. 1861వ సంవత్సరపు చట్టముతో నోట్లు జారీ చేయు అధికారమును ప్రభుత్వము తానే తీసికొనెను. స్వదేశ సంస్థానములు కాగితపు ధనమును జారీ చేయుటకు ఆంగ్లేయులు సమ్మతింపలేదు. హైదరాబాదు ప్రభుత్వము పలుమారులు యత్నించియు అనుమతి పొందలేక పోయెను.

ఆ అనుమతి తుదకు యుద్ధము వలన లభించెను. 1914వ సంవత్సరమున మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమయ్యెను. సైనికుల జీతములకును, సరకుల కొనుగోలుకును నాణెములు అపారముగా కావలసి వచ్చెను. వెండి ధర పెరిగెను. వెండి దొరకుటయే దుర్లభమయ్యెను. 1917వ సంవత్సరము నవంబరు 30వ తేదీన భారత ప్రభుత్వము రూపాయి నోటును కూడ జారీ చేసెను. మరుసటి సంవత్సరము అమెరికా సంయుక్త రాష్ట్రములు ప్రత్యేక చట్టము చేసి భారతదేశపు అవసరమునకై 20 కోట్ల ఔన్సుల వెండిని ఆంగ్లేయుల కమ్మినవి. అట్టి కాలమున హైదరాబాదు టంకశాలకు వెండి ఎచట నుండి వచ్చును? యుద్ధమున హైదరాబాదు చేసిన సహాయమును కూడ తలంచి ఆంగ్లేయులు తమ పట్టు సడలించిరి.

1918వ సంవత్సరమున హైదరాబాదులో నోట్ల చట్టము వెలువడెను. అప్పటి ప్రభువు ఏడవ నిజామైన మీర్ ఉస్మాన్ అలీఖాను. అందుచే ఈ ద్రవ్యమునకు ఉస్మానియా సిక్కా యని పేరు వచ్చెను. మొదట పది రూపాయల, నూరు రూపాయల నోట్లును, 1919వ సంవత్సరమున రూపాయి, అయిదు రూపాయల నోట్లును, 1926వ సంవత్సరమున వేయి రూపాయల నోటును వెలువడెను. నోటుపై ఉర్దూతో పాటు ఆంగ్లము, తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలో దాని విలువను ముద్రించిరి. ప్రభుత్వ వ్యవహారమంతయు ఉర్దూలో సాగుచున్న రోజులవి. ఉర్దూ నేర్వని తెలుగు రైతు పంట అమ్మి పుచ్చుకొన్న నోటుపై నున్న మాటను తన భాషలో చదువుకొనుటకు వీలు కలిగెను. చదువగలిగిననే గదా నమ్మకము కలుగును! నేటి రిజర్వు బ్యాంకు నోట్ల వెనుక ప్రక్క పదునైదు భాషల పట్టిక కలదు. అందు తెలుగు మాటయు ఉన్నది.

ఆ నోట్లను మొదట లండను నగరమున వాటర్లో అను ముద్రణ సంస్థ ముద్రించెడిది. నాసిక్‌లో ముద్రణాలయము ఏర్పడిన పిదప ఆ పని అచటికి మారెను. లండను నుండి నోట్లు ఓడలపై వచ్చుచున్న కాలమున ఒక విచిత్ర సంఘటన జరిగెను. 1922వ సంవత్సరము మే నెలలో ఈజిప్టు అను ఓడ లండను నుండి బొంబాయికి బయలుదేరెను. ఫ్రాన్సు దేశపు పడమటి తీరమున దట్టమైన పొగమంచులో అది మరియొక ఓడతో ఢీకొని మునిగిపోయెను. ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఆ ఓడలో గొప్ప బంగారు, వెండి నిధులతో పాటు హైదరాబాదు నోట్ల కట్టలును ఉండెను. సుమారు పది సంవత్సరముల పిదప ఇటలీ దేశపు గజ ఈతగాండ్రు సముద్రపు అడుగున ఆ ఓడను గుర్తించి, ఆ నిధిని పైకి తీసిరి. బంగారముతో పాటు తడిసిన నోట్లును వెలికి వచ్చెను.

ఇందు మనము గమనింపదగిన విషయము ఒకటి కలదు. పదేండ్లు సముద్రములో నున్నను బంగారము బంగారమే. కాని ఆ నోట్లు ప్రభుత్వ ఖజానా చేరి జారీ యైనవి కావు. వాని వెనుక ఇంకను ఎవరి మాటయు లేదు. కనుక అవి ధనము కాలేదు. చక్కని ముద్రణ గల కాగితములుగా మాత్రమే మిగిలెను. నేడు పురావస్తువులను సేకరించువారు వానిని వింతగా దాచుకొందురు. కాగితము, సిరా, బొమ్మ, అంకె అన్నియు ఉన్నను జారీ చేసినవాని మాట లేనిచో నోటు లేదు.

మాట ఇచ్చిన ప్రభుత్వము దానిని నిలుపుకొనుటకు తగిన నిధిని కూడ ఉంచవలెను. హైదరాబాదు ప్రభుత్వము నోట్లకు ఆధారముగా కొంత ధనమును నాణెముల రూపమునను, కొంత ధనమును భారత ప్రభుత్వపు ఋణపత్రముల రూపమునను నిలువ చేసెను. నోట్ల వ్యవహారమును మొదట ప్రభుత్వ ఆర్థిక శాఖయే చూచుచుండెను. కాని రాజ్యపు వర్తకము, పరిశ్రమలు పెరిగిన కొలది ఈ పనికి ప్రత్యేకమైన సంస్థ కావలసి వచ్చెను. భారతదేశమున 1935వ సంవత్సరమున రిజర్వు బ్యాంకు స్థాపింపబడి యుండెను. హైదరాబాదులో 1941వ సంవత్సరమున ఒక చట్టము ద్వారా హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఏర్పడెను. 1942వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన గన్‌ఫౌండ్రీలో దాని మొదటి శాఖ తెరువబడెను. ఉస్మానియా సిక్కాను నిర్వహించుట, ప్రభుత్వపు ఋణములను చూచుట, ప్రజల నుండి డిపాజిట్లు తీసికొనుట, వర్తకులకు అప్పులిచ్చుట అను పనులన్నియు ఈ ఒక్క బ్యాంకే చేసెను.

గన్‌ఫౌండ్రీ యనగా ఫిరంగులు పోత పోయు కార్ఖానా. అచట 1795వ సంవత్సర ప్రాంతమున నిజాము అలీఖాను కొలువులో నున్న రేమండ్ అను ఫ్రెంచి సేనాని ఫిరంగులు పోయించెను. 1798వ సంవత్సరమున మరణించిన ఆ సేనాని సమాధి దిల్‌సుఖ్‌నగర్ చేరువనే అస్మాన్‌గఢ్ గుట్టపై నున్నది. మూసారాంబాగ్ అను పేరు అతని పేరు నుండియే వచ్చినదని చెప్పుదురు. ఒకప్పుడు ఫిరంగుల బలముతో రాజ్యమును కాపాడ యత్నించిన చోటనే, నూటయేబది సంవత్సరములకు దాని రూపాయిని కాపాడు బ్యాంకు వెలసెను.

బ్యాంకు తెరిచిన అయిదు సంవత్సరములకే గొప్ప పరీక్ష వచ్చెను. 1947వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన దేశమునకు స్వాతంత్ర్యము లభించెను. నిజాము భారతదేశమున చేరక, నవంబరు 29వ తేదీన యథాతథ ఒడంబడికను మాత్రము చేసికొనెను. అనతికాలముననే అతని ప్రభుత్వము భారత రూపాయి హైదరాబాదులో చెల్లదని ఆజ్ఞ చేసెను. రూపాయి యనగా కొనుగోలు సాధనము మాత్రమే కాదు. అది రాజ్యాధికారపు గుర్తు కూడ. వేరు రాజ్యముగా నిలువ దలచిన ప్రభుత్వము ఆ గుర్తును గట్టిగా పట్టుకొనుటలో వింత లేదు. భారత ప్రభుత్వము ఈ ఆజ్ఞను ఒడంబడికకు విరుద్ధమని ఆక్షేపించెను. 1948వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యములు హైదరాబాదు ప్రవేశించెను. 17వ తేదీన నిజాము కాల్పుల విరమణ ప్రకటించెను.

ఇప్పుడు మన మూడవ ప్రశ్న ఎదురగును. కూతురి పెండ్లికై కుండలో నోట్లు దాచుకొన్న రైతు, జీతపు సొమ్మును పెట్టెలో నుంచుకొన్న గుమాస్తా, దినకూలితో బ్రతుకు శ్రామికుడు, వీరందరి చేతిలో నున్నవి ఉస్మానియా నోట్లు. రాజు అధికారము పోయినది. ఇక ఆ కాగితముల విలువ ఏమి? చరిత్రలో పెక్కు దేశములలో ఓడిన ప్రభుత్వపు నోట్లు చిత్తు కాగితములై పోయినవి. వానిని దాచుకొన్న పేదలు నిలువున మునిగిరి.

హైదరాబాదులో అట్లు జరుగలేదు. ఆ ద్రవ్యమును వెంటనే రద్దు చేయక, మరికొంత కాలము నడువనిచ్చిరి. భారతదేశమున చేరిన పిదప కూడ తన నోట్లను జారీ చేయుటకు అనుమతి పొందిన సంస్థానము హైదరాబాదు ఒక్కటియే. 1950వ సంవత్సరము నుండి భారత రూపాయియు హాలీ రూపాయియు ప్రక్క ప్రక్కన నడచెను. పాత లెక్క ప్రకారమే ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలుగా మార్పిడి జరిగెను. క్రమముగా హాలీ నోట్లను వెనుకకు తీసికొని, 1959వ సంవత్సరము నాటికి వాని చెలామణిని పూర్తిగా ముగించిరి. ఒక ప్రభుత్వమిచ్చిన మాటను దాని తరువాత వచ్చిన ప్రభుత్వము చెల్లించెను. యుద్ధములు, ఒడంబడికలు చరిత్ర గ్రంథములలో విరివిగా వర్ణింపబడును. కాని వేలకొలది కుటుంబముల దాపరికము నీటిపాలు కాకుండ నిలిపిన ఈ పని కూడ తక్కువ ఘనమైనది కాదు.

బ్యాంకు కథయు అంతటితో ముగియలేదు. 1953వ సంవత్సరమున అది హైదరాబాదు మర్కంటైల్ బ్యాంకు ఆస్తులను, అప్పులను తనలో చేర్చుకొనెను. అదే సంవత్సరమున రిజర్వు బ్యాంకు ప్రతినిధిగా ప్రభుత్వ ఖజానా పనులను చేపట్టెను. 1956వ సంవత్సరమున రిజర్వు బ్యాంకు దానిని తన అధీనమునకు తీసికొనెను. దాని పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మారెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు భాగములై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశమునను, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రమునను, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రమునను కలిసెను. రాష్ట్రము విడిపోయినను దాని పేరు గల బ్యాంకు నిలిచెను. 1959వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన అది భారతీయ స్టేట్ బ్యాంకునకు అనుబంధ సంస్థ అయ్యెను. 2017వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దానిలో పూర్తిగా విలీనమయ్యెను. అప్పుడు కూడ ఖాతాదారుల సొమ్ము ఖాతాలలోనే యుండెను. పేరు పలకలు మాత్రము మారెను.

విద్యార్థులారా, కాగితపు ధనమునకు మూడు ఆధారములు కలవని ఈ చరిత్ర వలన తెలియుచున్నది. దాని వెనుక నిధి యుండవలెను. లేనిచో స్టాక్‌హోము బ్యాంకునకు పట్టిన గతియే పట్టును. దానికి చట్టపు అండ యుండవలెను. 2016వ సంవత్సరము నవంబరు 8వ తేదీ రాత్రి అయిదువందల, వేయి రూపాయల పాత నోట్లను ప్రభుత్వము రద్దు చేయగా, వానిని మార్చుకొనుటకు దేశమంతట జనులు బ్యాంకుల ముందు బారులు తీరిన సంగతి మీ పెద్దలు చెప్పగలరు. ఈ రెండింటితో పాటు మూడవది, ఇచ్చిన మాట నిలుపుకొను గుణము, ఉండవలెను. ఫోనుపై కనబడు అంకెకు కాగితమైనను లేదు. దానికి కూడ ఈ మూడే ఆధారములు.

సైఫాబాదులోని పాత టంకశాల భవనమున 2022వ సంవత్సరమున ఒక ప్రదర్శనశాల తెరువబడెను. అవకాశము కలిగినప్పుడు దానిని చూచి రండు. ఈలోపల మీ ఇంట నున్న ఏ పది రూపాయల నోటునైనను చేత బట్టుకొని, దానిపై అచ్చువేసిన వాగ్దానమును చదువుడు. వెనుక త్రిప్పి భాషల పట్టికలో తెలుగు మాటను వెదకుడు. ఆ మాట ఎవరిదో, ఎవరి కిచ్చినదో, దానిని నిలుపుటకు ఎవరు పూచీయో ఆలోచింపుడు.